చారెడు ఉప్పు... కోటి చూపులు

పొలం పక్కన ఖాళీ జాగా. మూడు రాళ్ల పొయ్యి. దాని ముందు నేల మీద కూర్చున్న ముసలావిడ. ముడతలు పడి, నరాలు తేలిన చేతులు. ఆవిడ ఎదుట ఒక పుచ్చకాయ. లోపలి ఎర్రటి గుజ్జు తీసేస్తే మిగిలిన డొప్పలోకి మసాలా పట్టించిన కోడిమాంసం చేరింది. కాయ నిప్పు మీదికెక్కింది. పచ్చటి తొక్క మెల్లగా నల్లబడుతోంది. మాటలు తక్కువ. వినిపించేదల్లా పుల్లల చిటపట, గాజుల చప్పుడు, దూరంగా ఏదో పిట్ట కూత.

గుంటూరు జిల్లాలో ఒక పల్లెటూరి పొయ్యి మీద వండిన ఆ ‘పుచ్చకాయ చికెన్’ను యూట్యూబ్‌లో జనం కోటిసార్లకు పైగా చూశారు. వండినావిడ మస్తానమ్మ. అప్పటికి ఆవిడ వయసు నూరు దాటిందని ఇంట్లోవాళ్ల లెక్క.

వింత చూద్దామని వచ్చి...

ఈమధ్య ఫోన్ తెరిస్తే వింత తిండే కనిపిస్తోంది. ఫాంటా పోసి ఉడికించిన మ్యాగీ, ఓరియో బిస్కెట్లతో పకోడీలు, చల్లటి కూల్‌డ్రింకు పోసి వేసిన ఆమ్లెట్, ఐస్‌క్రీమ్ పూసిన దోసె. చూసి ‘ఛీ, ఇదేం తిండి’ అంటాం. అంటూనే పక్కవాళ్లకు పంపుతాం. భోజనాల దగ్గర పిల్లలు, పెద్దలు దీని మీదే వాదులాడుకుంటున్న ఇళ్లు ఎన్నో. వండేవాళ్లు కూడా దాన్ని తినడానికి కాకుండా చూపించడానికే వండుతున్నారన్న సంగతి అరనిమిషం వీడియోలో తెలిసిపోతూనే ఉంటుంది.

పుచ్చకాయలో కోడిమాంసం కూడా వింతే కదా అని ఎవరైనా అడగొచ్చు. నిజమే. నేను కూడా ఆ వింత చూద్దామనే ఆ వీడియో తెరిచాను. తెరిచాక కాసేపటికి పుచ్చకాయ సంగతి మర్చిపోయి ఆవిడ చేతులు చూస్తూ ఉండిపోయాను. అల్లం తొక్క తీయడానికి ఆవిడకు కత్తి అక్కర్లేదు. గోటితోనే గీకేస్తుంది. కారం, పసుపు, ఉప్పు చేత్తోనే పడతాయి. ఎంత వేయాలన్న అనుమానం ఆ చేతిలో ఒక్క క్షణం కూడా కనిపించదు. ఎనభై తొంభై ఏళ్లు రోజూ చేసిన పని ఒంట్లో ఎలా స్థిరపడిపోతుందో చూడాలంటే ఆ చేతుల్ని చూడాలి.

కరువు లెక్కల వయసు

మస్తానమ్మది గుంటూరు జిల్లా గుడివాడ. కృష్ణా జిల్లాలో అందరికీ తెలిసిన పట్టణం కాదు, అదే పేరున్న చిన్న పల్లె. గుంటూరు వైపు మస్తానమ్మ, మస్తానయ్య, మస్తాన్‌రావు అన్న పేర్లు ఎన్ని వినిపిస్తాయో లెక్కలేదు. మస్తాన్ దర్గాలో మొక్కుకుంటే పుట్టిన బిడ్డకు, ఏ మతంవాళ్లయినా సరే, ఆ పేరు పెట్టుకోవడం ఆ ప్రాంతంలో పాత ఆచారం.

ఆవిడ బతుకులో తేలికైన రోజులు తక్కువ. పదకొండేళ్లకే పెళ్లి. ఇరవై రెండేళ్లకు భర్త పోయాడు. అయిదుగురు పిల్లల్లో నలుగురు ఆవిడ కళ్లముందే పోయారు. కూలీనాలీ చేసి మిగిలినవాణ్ని పెంచింది. ఆ తరంలో పేదింటి ఆడవాళ్ల పుట్టినరోజులు ఎవరూ రాసిపెట్టలేదు. ఫలానా తుపాను ముందు పుట్టింది, ఫలానా కరువునాటికి నడక వచ్చింది అన్నవే గుర్తులు. నూరు దాటిన వయసులోనూ తన పని తనే చేసుకునేది. ఇంట్లో వండేది, చేలో కూర్చున్నా వండేది.

2016లో ఆవిడ మునిమనవడు లక్ష్మణ్, అతని స్నేహితుడు శ్రీనాథ్ రెడ్డి ‘కంట్రీ ఫుడ్స్’ పేరుతో యూట్యూబ్ ఛానల్ మొదలుపెట్టారు. మొదట్లో ఒంటరిగా ఉండే కుర్రాళ్లు వండుకునేలాంటి తేలికపాటి వంటలు తీశారు. తర్వాత ఇంటి పెద్దావిడ వైపు కెమెరా తిప్పారు. వంకాయ కూర, చేపల పులుసు, కోడిగుడ్లు, పీతలు, రొయ్యలు, ఈము గుడ్డు... ఏది ముందు పెట్టినా ఆవిడ అదే నిబ్బరంతో వండింది. 2018 డిసెంబరు మొదట్లో కన్నుమూసేనాటికి ఆ ఛానల్‌కు పన్నెండు లక్షలమందికి పైగా చందాదారులు. ఆ వార్త దేశవిదేశాల పత్రికల్లో వచ్చింది. గుంటూరు పల్లెలో వందేళ్లు వంట చేసిన ఒక కూలితల్లికి లోకం నివాళి రాసింది.

నాకు ఈ కథలో మనసు ఆగేచోటు ఒకటుంది. ఆవిడ వంట నిన్న మొన్న బాగుపడింది కాదు. ముప్పై ఏళ్ల వయసులోనూ ఆ చెయ్యి ఆ చెయ్యే. అప్పుడు చుట్టూ ఉన్నవాళ్లు తిన్నారు, చెయ్యి కడుక్కున్నారు, లేచిపోయారు. ‘ఇది ఎలా వండావమ్మా’ అని కూర్చుని చూసినవాళ్లు ఎవరైనా ఉన్నారో లేదో. ఆ చూపు ఆవిడకు నూరేళ్లు దాటాక, అదీ ఒక ఫోన్ తెరలోంచి అందింది.

> తొలి బామ్మ క్లారా
>
> యూట్యూబ్‌లో ఇలా పేరు తెచ్చుకున్న పెద్దావిడల్లో ముందు చెప్పుకోవాల్సింది అమెరికాలోని క్లారా కానుచారి గురించి. ఇటలీ నుంచి వలస వెళ్లిన కుటుంబం. పుట్టింది 1915లో. 1930ల మహా మాంద్యంలో షికాగో దగ్గర పేదరికంలో పెరిగింది. మేజోళ్లు కొనే డబ్బు లేక హైస్కూలు చదువు ఆపేయాల్సి వచ్చింది. 2007లో ఆవిడ మనవడు వంటింట్లో కెమెరా పెట్టి, ఆ కరువురోజుల్లో తిన్న వంటలు చేయించాడు. బంగాళదుంపలు, ఉల్లిపాయలు, సాసేజ్‌లతో వేయించిన ‘పేదవాడి భోజనం’ అన్నిటికంటే పేరుపడింది. వండుతూనే ఆ రోజుల ముచ్చట్లు చెప్పేది. మరుసటి ఏడాది అమెరికా నిజంగానే ఆర్థిక సంక్షోభంలో పడటంతో ఆ వీడియోలు కొత్త తరానికి అక్కరకొచ్చాయి. 2013లో, తొంభై ఎనిమిదేళ్ల వయసులో వెళ్లిపోయింది.

చేలోకి వచ్చిన సిగ్నల్

ఈ పల్లె వంటలు ఇంతదూరం ఎలా వెళ్లాయో తెలియాలంటే ముందు 2016 అన్న ఏడాదిని కాస్త పట్టి చూడాలి. అంతకుముందు ఒక జీబీ డేటా వేయించుకుంటే నెలంతా పొదుపుగా వాడుకునేవాళ్లం. వీడియో మధ్యలో ఆగిపోయి చక్రం తిరుగుతుంటే ఎదురుచూసేవాళ్లం. ఆ ఏడాది సెప్టెంబరు 5న జియో వచ్చింది. కొన్ని నెలలపాటు ఉచితంగా ఇచ్చింది. మిగతా కంపెనీలూ ధరలు దించాయి. నెలంతా వాడుకున్న జీబీ ఒక్కరోజు కోటా అయింది. చూడటం తేలికైంది, పల్లెనుంచి వీడియో ఎక్కించడమూ తేలికైంది. విడిగా కెమెరా కొనక్కర్లేకుండా చేసే ఫోన్లు అప్పటికే చేతుల్లో ఉన్నాయి.

రెండో కారణం భాష. మస్తానమ్మ తెలుగు ఇండోనేషియాలోనో బ్రెజిల్‌లోనో ఉన్నవాళ్లకు అర్థం కాదు. అర్థం కావాల్సిన పనీ లేదు. నూనెలో తాలింపు పడ్డ చప్పుడుకు అనువాదం అక్కర్లేదు. రోట్లో రోకలి పడే చప్పుడు ఏ దేశంలోవాళ్లకైనా ఆకలి పుట్టిస్తుంది. పైగా సంపన్న దేశాలవాళ్లు చూస్తే ప్రకటనల ఆదాయం ఎక్కువగా వస్తుంది. మాట తక్కువ, చప్పుడు ఎక్కువగా ఉండే పల్లె వంటల ఛానళ్లు దేశమంతా పుట్టుకురావడానికి ఈ లెక్క కూడా ఒక కారణం.

ఇంకో కారణం కూడా ఉంది, అది చూసేవాళ్ల ఒంటరితనం. మా మేనకోడలు టెక్సాస్‌లో ఎమ్మెస్ చదివేటప్పుడు రాత్రిపూట గదిలో బ్రెడ్డు తింటూ మస్తానమ్మ వీడియోలు పెట్టుకునేదట. ‘ఆ కూర వండుకుందామని కాదు మావయ్యా, పక్కన ఎవరో వంట చేస్తున్నట్టుంటే నిద్రపట్టేది’ అంది.

> తినడమే కార్యక్రమం
>
> దక్షిణ కొరియాలో 2010 ప్రాంతంలో ‘ముక్‌బాంగ్’ మొదలైంది. కొరియా భాషలో ‘తినడం’, ‘ప్రసారం’ అన్న రెండు మాటల అతుకు అది. ఒకరు కెమెరా ముందు కూర్చుని ఇంత తిండి తింటారు, వేలమంది చూస్తారు. ఒంటరిగా భోంచేసేవాళ్లు తోడు కోసం చూడటంతో మొదలై, ఎవరెంత తినగలరన్న పోటీదాకా పోయింది.
>
> 2020 లాక్‌డౌన్లో ఊరూవాడా గిలక్కొట్టిన ‘డాల్గోనా కాఫీ’ పుట్టుక కూడా కొరియా టీవీలోనే. ఆ ఏడాది జనవరిలో నటుడు జంగ్ ఇల్‌వూ మకావు వెళ్లి ఒక చిన్న కాఫీ దుకాణంలో తాగి, రుచి తమ ఊళ్లో దొరికే డాల్గోనా మిఠాయిలా ఉందన్నాడు. ఆ పేరే స్థిరపడింది. కాఫీపొడి, పంచదార, చుక్క నీళ్లు వేసి చెంచాతో నురగ వచ్చేదాకా గిలక్కొట్టడం మన ఇళ్లలో ఎప్పటినుంచో ఉన్నదే.

వంద మ్యాగీల తాత

గుంటూరు అవ్వ సంగతి అలా ఉంటే, తెలంగాణలో ఒక తాత ఇంకో దారి పట్టాడు. పేరు నారాయణ రెడ్డి. తెల్లటి గడ్డం, తెల్లటి బట్టలు, ఎప్పుడూ చెదరని నవ్వు. 2017 ఆగస్టులో మొదలైన ‘గ్రాండ్‌పా కిచెన్’ ఆయనది.

ఆయన వండినవి చూస్తే మన వంటల పుస్తకంలో ఒక్కటీ ఉండదు. బర్గర్లు, లసాన్యా, డోనట్లు, ఓరియో పుడ్డింగ్. మ్యాగీ అయితే వంద ప్యాకెట్లు ఒక్కసారే. ఆరుబయట కట్టెల పొయ్యి, దాని మీద మనిషి పట్టేంత పాత్ర. ఒక్కో దినుసును చేతిలోకి తీసుకుని, కెమెరాకు చూపించి, దాని పేరు ఇంగ్లీషులో పలికి, పాత్రలోకి వంచేవాడు. ఆ పలకడంలో బడిపిల్లాడి శ్రద్ధ ఉండేది. ప్రతి వీడియో ప్రేమ, ఆదరణ, పంచుకోవడం అంటూ మొదలయ్యేది.

అంత వండి ఏం చేస్తారని కొత్తగా చూసినవాళ్లకు అనిపిస్తుంది. వీడియో చివర్లో దానికి జవాబు దొరుకుతుంది. అనాథపిల్లలు వరసగా కూర్చుని ఉంటారు. వండిందంతా వాళ్లకే. యూట్యూబ్ ఆదాయం, అభిమానులు పంపే విరాళాలు తిండికే కాకుండా పిల్లల బట్టలకు, పుస్తకాలకు, పుట్టినరోజు కానుకలకు కూడా ఖర్చయ్యేవి. జీవితంలో మొదటిసారి బర్గర్ పట్టుకున్న పిల్లాడు దాన్ని ఏవైపు నుంచి కొరకాలా అని తిప్పి తిప్పి చూసుకోవడం ఒక్కసారి చూస్తే మర్చిపోలేం. టీవీ ప్రకటనల్లో మాత్రమే చూసిన తిండి ఆ పిల్లల చేతికి వచ్చింది.

అందుకే పైపైన ఒకేలా కనిపించినా వంద ప్యాకెట్ల మ్యాగీని, ఫాంటా పోసిన మ్యాగీని నేను ఒక గాటన కట్టను. మొదటిదానికి ఆకలేసిన పిల్లలు ఎదురుచూస్తున్నారు. రెండోదాన్ని కెమెరా ఆపాక ఎవరు తిన్నారో ఎవరికీ పట్టదు.

2019 సెప్టెంబరు 20 తర్వాత కొత్త వీడియోల్లో తాత కనిపించలేదు. వంటలు వస్తున్నాయి, ఆయన లేడు. ‘తాత ఏడీ?’ అని ప్రపంచంలో ఎక్కడెక్కడివాళ్లో అడగడం మొదలుపెట్టారు. అక్టోబరు 27న ఆయన డెబ్భై మూడేళ్ల వయసులో కన్నుమూశారు. అప్పటికి చందాదారులు అరవై లక్షలు. ఆ తర్వాత ఛానల్లో వచ్చిన వీడియో ఆయన అంతిమయాత్ర. చావును కూడా వీడియో చేస్తారా అని కొందరికి కష్టంగా అనిపించి ఉండొచ్చు. నాకు అలా అనిపించలేదు. తాత పోతే ఊళ్లో ఉన్నవాళ్లకు చివరిచూపు దక్కుతుంది. అరవై లక్షలమంది తాత అనుకున్న మనిషిని చివరిసారి చూడనివ్వడం న్యాయమే.

అవ్వలేని పొయ్యిలు

వీళ్లిద్దరే కాదు, ఈ కొన్నేళ్లలో పల్లె వంటే ఒక పెద్ద పరిశ్రమ అయింది. తమిళనాడులో పుదుక్కోట్టై జిల్లా చిన్న వీరమంగళం నుంచి పెరియతంబి అనే తాత, ఆయన మనవలు కలిసి నడిపే ‘విలేజ్ కుకింగ్ ఛానల్’ 2021లో కోటిమంది చందాదారుల్ని చేరింది. ఆ ఏడాది జనవరిలో రాహుల్ గాంధీ వాళ్లతో కూర్చుని పుట్టగొడుగుల బిర్యానీ తిన్నారు. కోటి దాటిన ఆనందంలో వాళ్లు ముఖ్యమంత్రి కొవిడ్ సహాయనిధికి పదిలక్షల రూపాయలిచ్చారు. 2022లో వచ్చిన కమల్‌హాసన్ ‘విక్రమ్’ సినిమాలోనూ కనిపించారు. చైనాలో సిచువాన్ పల్లెలో నానమ్మతో ఉంటూ వండి చూపించే లీ జీచీ 2021లో గిన్నిస్ రికార్డుకెక్కి, అదే ఏడాది జులైలో వ్యాపార భాగస్వామితో తగాదా వల్ల ఆగిపోయి, మూడేళ్లు దాటాక 2024 నవంబరులో తిరిగొచ్చింది. ఇటలీలో పల్లెటూరి నానమ్మలు పాస్తా చేసే తీరును ఊరూరా తిరిగి వీడియోలు తీసి దాచిపెట్టే పని విక్కీ బెనిసన్ అనే బ్రిటిష్ రచయిత్రి చేస్తోంది.

మన దగ్గరా కొత్త మట్టికుండలు, కొత్తగా అలికిన నేల, కొత్తగా ఇస్త్రీ చేసిన నేతచీర, పైన ఎగిరే డ్రోన్‌తో బోలెడన్ని ఛానళ్లొచ్చాయి. కష్టపడి పనిచేసేవాళ్లున్నారు, వాళ్ల పొట్టకూడు అందులో ఉంది, కాదనను. కానీ ఒక్కో వీడియో చూస్తుంటే గుండె కలుక్కుమంటుంది. పొయ్యిదగ్గర కూర్చున్న పెద్దావిడ చేతిలో ఎవరో గరిటె పెడతారు. ఆవిడ రెండుసార్లు తిప్పుతుంది. పక్కనుంచి ఎవరో ‘నవ్వు మామ్మా’ అంటారు. ఆవిడ నవ్వుతుంది. వండింది ఇంకెవరో. ఒక మనిషి బతుకంతా నేర్చుకున్న పనిని చూడాల్సిందిపోయి, ఆ మనిషిని కుండతోపాటు అలంకరణకు పెట్టారు.

పొగ సంగతి కూడా చెప్పాలి. తెరమీద అందంగా లేచే ఆ కట్టెల పొగ మన అమ్మమ్మల కళ్లలోకి, ఊపిరితిత్తుల్లోకి పోయిందే. ఊదుగొట్టంతో ఊది ఊది దగ్గు తెచ్చుకున్న ఆడవాళ్లు గ్యాసుబండ ఇంటికొచ్చిన రోజున ఎంత సంబరపడ్డారో మా ఇంట్లో నేను చూశాను. పాత వంటను ప్రేమించేవాళ్లు దాని వెనకున్న ఆ కష్టాన్ని కూడా గుర్తుంచుకోవాలని నా కోరిక.

చేతికొలతలు

ఈ వీడియోలు చూసి వండబోయినవాళ్లందరూ ఒకచోట ఆగుతారు. ఉప్పెంత? మస్తానమ్మ వీడియోలో దానికి అంకె లేదు. చేత్తో తీసి వేసింది, అంతే.

మన భాషలో వంట కొలతలు చాలామటుకు చేతినుంచే పుట్టాయి. రెండు వేళ్ల మధ్య పట్టింది చిటికెడు. వేళ్లు మూస్తే పిడికెడు. అరచేయి దొన్నెలా పెడితే చారెడు. రెండు చేతులు కలిపితే దోసెడు. చెయ్యి చాలనిచోట చెట్టు సాయమొస్తుంది. ఉసిరికాయంత చింతపండు, నిమ్మకాయంత బెల్లం. ఈ కొలతల్లో ఏదీ ఇంకో ఇంట్లో కచ్చితంగా అంతే ఉండదు. ఎవరి చారెడు వాళ్లదే. అందుకే ఒక ఇంటి పచ్చడి ఇంకో ఇంటి పచ్చడిలా ఉండదు. ఆ చెయ్యి పోయినప్పుడు ఆ రుచి కూడా పోతుంది.

పోయినేడాది మేనకోడలు సెలవులకు వచ్చినప్పుడు అమ్మ గోంగూర నిల్వపచ్చడి పెట్టింది. నాలుగు పెద్ద కట్టల గోంగూర ముందురోజే వలిచి, కడిగి, పాతచీర మీద ఆరబోశారు. ఈ పిల్ల అమెరికా నుంచి గ్రాములు చూపించే చిన్న తూకం, నోటుపుస్తకం తెచ్చుకుంది. ‘అమ్మమ్మా, నువ్వేం వేసినా ముందు ఈ గిన్నెలో వెయ్యి’ అని అడ్డం కూర్చుంది. అమ్మ విసుక్కోలేదు. మెంతులు, ఆవాలు, ఎండుమిరపకాయలు, చింతపండు అన్నీ ఆ గిన్నెలోంచే వెళ్లాయి. ఒక్కోదానికీ అంకె పడింది.

ఉప్పు దగ్గరికొచ్చింది. అమ్మ డబ్బాలో చెయ్యిపెట్టి చారెడు కల్లుప్పు తీసి గిన్నెలో పోసింది. తూకం నలభై రెండు గ్రాములంది. పిల్ల రాసుకుంది. ఉప్పు పచ్చట్లో పడింది. అమ్మ మళ్లీ డబ్బాలో చెయ్యిపెట్టి ఇంకో నాలుగు రాళ్లు తీసి, గిన్నె సంగతి మర్చిపోయి, నేరుగా పచ్చట్లో వేసేసింది.

‘అదేంటమ్మమ్మా! చారెడు అన్నావుగా?’

‘చారెడే. ఇదివరకు చెయ్యి నిండుగా ఉండేది. ఇప్పుడు చూడు, ఎట్లా ఎండిపోయిందో. చారెడు పట్టటంలా. అందుకని పైన కాస్త’ అంది అమ్మ, అరచేయి దొన్నెలా పెట్టి చూపిస్తూ.

మేనకోడలు పెన్ను పక్కన పెట్టి, ఆ చేతి పక్కన తన చెయ్యి కూడా అలాగే పెట్టి చూసుకుంది.